కీచురాళ్ల పిండి

"మళ్లీ ఉప్పు తగులుతోందమ్మా. ఇది తింటే కీచురాళ్లు చస్తాయి," అంటూ మా అమ్మాయి గిన్నె నా వైపు తోసేసింది.

తను పెంచుకునే బల్లికి ఆ కీచురాళ్లే తిండి. బల్లి కోసం తప్ప పిల్ల మంచం దిగడం లేదు. అన్నం ముట్టి నాలుగు రోజులైంది. బతిమాలితే దుప్పటి ముసుగేసుకుంటుంది. రేపటికీ తినకపోతే ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేయాల్సిందేనన్నాడు డాక్టరు.

పురుగుల మేత మాత్రం తను నాలుక మీద వేసుకుని చూడందే వాటికి పెట్టనివ్వదు. అందుకే ఓట్సూ బాదంపప్పూ వేయించి, పాలపొడి కలిపి మిక్సీ పడుతున్నాను. ఉప్పుందని తిప్పి పంపితే, మళ్లీ చేసినప్పుడు ఇంకో చెంచా రుచి చూస్తుందన్న ఆశతో ప్రతిసారీ చిటికెడు ఉప్పు వేస్తున్నాను.

"నీకు చేతకాకపోతే చెప్పు, నేనే చేసుకుంటా."

"ఈసారి సరిగ్గా చేస్తాలేవే."

నాలుగోసారి ఉప్పు వేయడానికి చేయి రాలేదు. నా మోసం పసిగడితే ఇది కూడా మానేస్తుందేమో. ఉప్పు డబ్బా జోలికి పోకుండా పిండి తీసుకెళ్లాను.

పిల్ల ఒక చెంచాడు నోట్లో వేసుకుని చప్పరించింది. మరో చెంచాడు వేసుకుంది. నా మొహంలోకి చూడకుండా గిన్నె చేతికిచ్చింది.

"ఇంకా ఉప్పగానే ఉంది. మళ్లీ చేసుకురా," అంది.