రోజంతా కరగాల్సిన బిళ్ళ

"విడిపోయిందా అక్కా?"

"ఇప్పుడేగా అడిగావు! అక్కడ నిలబడి నా ప్రాణం తోడకు తమ్ముడూ. పోయి టీ తాగిరా."

జల్లెడ మేస్త్రి కదల్లేదు. మందుల ఫ్యాక్టరీలో అందరూ అతన్ని పిలిచే పేరే అది. బిళ్ళల్లో వేసే సెల్యులోజ్ పొడి మిల్లులో నలిగి, అతని జల్లెడ దిగాకే ముందుకు పోతుంది. ఇప్పుడు అతని కళ్ళు ల్యాబ్‌లోని గాజుపాత్ర మీదే ఉన్నాయి. గోరువెచ్చటి నీళ్ళు, మెల్లగా తిరిగే తెడ్డు, అడుగున పొద్దున వేసిన తెల్లబిళ్ళ.

"మీ నాన్నకి ఇంకా అలాగే ఉందా?" అంది ల్యాబ్ అక్క.

"అలాగేనక్కా. పొద్దున బిళ్ళ పడ్డ కాసేపటికే కళ్ళు తిరిగి కూలబడుతున్నాడు, బీపీ పాతాళానికి. సాయంత్రమయ్యేసరికి మళ్ళీ ఆకాశానికి. రోజంతా బొట్టుబొట్టుగా దిగాల్సిన మందు ఒక్కసారే గుమ్మరించినట్టు."

"అయితే తప్పు నీ పొడిదే అంటావు."

"మరెవరిది? ఆ బిళ్ళల బ్యాచ్‌కి పొడి పట్టిన వేళ జల్లెడ చిరిగింది. నేను చూసుకునేలోపు గరుకుపొడి ఎంత దిగిపోయిందో!"

అతని భయం ఊరికే పుట్టింది కాదు. ఆ సెల్యులోజ్ ఎంత మెత్తగా ఉంటే నీళ్ళు తగలగానే అంత త్వరగా బంకలా మారి బిళ్ళ చుట్టూ తొడుగు కడుతుంది. ఆ తొడుగే మందుని పట్టుకుని, అడిగినంత కాకుండా ఇచ్చినంత తీసుకోమన్నట్టు రోజంతా వదులుతుంది. గరుకుగా ఉంటే బంక కట్టేలోపే బిళ్ళ పుటుక్కున విడిపోతుంది. ఇంట్లో కొత్త బిళ్ళల అట్ట తెరిచిన వారమే తండ్రికి కళ్ళు తిరగడం మొదలైంది. అట్ట మీద ఉన్నది జల్లెడ చిరిగిన నాటి బ్యాచ్ నంబరే. అది చూసినప్పటి నుంచి మేస్త్రి కాలుగాలిన పిల్లి అయ్యాడు. సూపర్‌వైజర్ దగ్గరికెళ్ళి తనే చెప్పేశాడు. గోదాములో సరుకంతా ఆపేశారు.

ల్యాబ్ అక్క వంగి చూసి నవ్వింది.

"బంక కట్టుకుని కొత్త అల్లుడిలా కూర్చుంది. కదిలితే ఒట్టు. నీ పొడి బంగారం తమ్ముడూ."

మేస్త్రి మొహం విచ్చుకోలేదు. "మరి మా నాన్న ఎందుకు పడిపోతున్నాడు?"

"గాజుపాత్ర చెప్పగలిగింది చెప్పింది. రేపు డ్యూటీకి ఆలస్యంగా రా. మీ నాన్న పక్కనే కూర్చుని, బిళ్ళ పడ్డాక ఏమవుతుందో కళ్ళారా చూడు."

ఇంటికి వెళ్ళేసరికి తండ్రి గోడకి ఆనుకుని ఉన్నాడు. జలుబు చేసి గొంతు వాచిన దగ్గర్నుంచి దగ్గు వదలలేదు. కోడలు జావ వడగట్టి, చెంచాతో పోస్తోంది.

"ఒరేయ్, మీరు చేసేది బిళ్ళా, గుర్రం తన్నా?" అన్నాడు ముసలాయన, బొంగురుగా.

"ఊరుకో నాన్నా."

"నన్నూరుకోమంటావేం? తన్నులు తినేది నేను."

మేస్త్రి భార్య వైపు తిరిగాడు. "మందు వేళకి ఇస్తున్నావా?"

"ఒక్క పూట తప్పితే అడగండి. మీరు తెల్లారకుండా వెళ్ళిపోతారు, మీకేం తెలుసు! ఆయన మొహం తిప్పుకున్నా బతిమాలి, చివరి చుక్క దాకా పట్టిస్తున్నాను."

అది నిజమేనని అతనికి తెలుసు. కన్నకూతురు కూడా అంత చెయ్యదు. రోజూ అతను చెప్పులేసుకునే వేళకే వంటింట్లో చిన్న రాతిరోలు టకటకలాడుతుంది. మామగారి దగ్గుకి అల్లం దంచి తేనెలో ఇస్తుందామె. ఆ చప్పుడు వింటూ వెళ్ళడం అతనికి ధైర్యంగా ఉండేది.

మర్నాడు అతను వెళ్ళలేదు. తండ్రి మంచం పక్కన స్టూలు వేసుకున్నాడు. బీపీ చూశాడు, బాగానే ఉంది. లేచాడు, కిటికీ తీశాడు, వేశాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"నీ తిరుగుడు చూస్తే బిళ్ళ అక్కర్లేకుండానే కళ్ళు తిరుగుతున్నాయిరా," అన్నాడు తండ్రి.

వంటింట్లో రోలు మొదలైంది. టక్, టక్, టక్.

"బిళ్ళ తీసుకురా!" కేకేశాడు మేస్త్రి.

"వస్తున్నానండీ, ఒక్క నిమిషం!"

టక్, టక్. అతనికి ఆ చప్పుడు నెత్తిన పడుతున్నట్టుంది. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని తనే వంటింట్లోకి నడిచాడు. తేనె సీసా మూత తీసి ఉంది. భార్య రోలు మీదికి వంగి, చెమట తుడుచుకుంటోంది.

"అల్లం తర్వాత దంచుదువుగాని. ముందు ఆ బిళ్ళ ఇటివ్వు, నేనే మింగిస్తాను."

"మంచినీళ్ళు కూడా గుటక పడని మనిషి బిళ్ళ ఎలా మింగుతాడండీ?" అందామె, దంచడం ఆపకుండా. "అల్లం ఎప్పుడో దంచి పక్కన పెట్టాను."

రోల్లో ఉన్నది తెల్లటి పొడి.