పుల్లలతో పరీక్ష

లెక్కల మాస్టరు చెంచాకు బదులు పట్టుకున్న రెండు పుల్లల మధ్య నుంచి రొయ్య జారి సూపులో పడింది. చుక్కలు ఎగిరి ఎదుటి పెద్దాయన తెల్లచొక్కా మీద చిందాయి.

పెళ్లాడాలనుకున్నవాణ్ణి నాన్నకు చూపించడానికి ఆ వియత్నాం హోటలుకు ఇద్దరినీ పిలిచిన అమ్మాయి గబుక్కున కాగితపు రుమాలు నాన్న ముందుకు తోసింది.

"సారీ అండీ," అన్నాడు మాస్టరు చెమట తుడుచుకుంటూ.

బస్సు డ్రైవరైన నాన్న చొక్కా తుడుచుకున్నాడు. తన పుల్లలతో నూడుల్స్ ఒడుపుగా ఎత్తి, చుక్క చిందకుండా నోట్లో పెట్టుకున్నాడు.

మాస్టరు నోరు వెళ్లబెట్టాడు. "ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"ఇంట్లోనే. పది రోజులుగా రెండు పెన్సిళ్లతో వేరుశెనగ గింజలు ఏరుతున్నా."

"ఎందుకు నాన్నా?" అంది కూతురు.

"ఇలాంటి చోటికి రమ్మన్నావంటే అబ్బాయి గొప్పింటివాడేమో అనుకున్నానే. ఈ మామగారికి తినడం కూడా రాదనుకోడూ?"

"నేనూ ఇక్కడికి రావడం ఇదే మొదలండీ. మీకిష్టమని తను చెబితేనూ..."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఈ పుల్లలతో కుస్తీ పడుతుంటే నువ్వు ఈయన్ని ప్రశ్నలు వేయలేవనుకున్నా నాన్నా," అంది ఆమె తల దించుకుని.

"ప్రశ్నలేంటే? నేను నచ్చుతానో లేదోనని నాకే రాత్రంతా నిద్ర పట్టలేదు."

ఇన్నాళ్లూ నాన్న కాదంటాడేమోనని భయపడిన కూతురికి, ఆయన కూడా పరీక్ష రాయడానికే వచ్చాడని అప్పుడు అర్థమైంది.

నాన్న కుర్చీని మాస్టరు పక్కకు జరుపుకున్నాడు.

"పుల్లని ఇలా వేలి మీద ఆనించు బాబూ. మరీ బిగించకు. స్టీరింగైనా అంతే, బిగిస్తే మాట వినదు."