తెరిచి ఉన్న పేజీ

కంప్యూటర్ తెర మీద తన పేరు ఉండాల్సిన చోట వీణ పేరు కనిపించేసరికి అంజలి మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

"ఈరేషన్నా, నా దరఖాస్తు చూద్దామని తెరిస్తే వీణది వచ్చిందే?"

ఎమ్మిగనూరులో ఆ నెట్ సెంటరు నడిపే ఈరేష్ జిరాక్సు మిషను దగ్గర నుంచి తల తిప్పకుండానే విసుక్కున్నాడు. గోడ మీద అంతంత అక్షరాలతో రాసిపెట్టినా చదివే నాథుడు లేడట.

"ఆ సైటు కంప్యూటర్లో ఒక గుర్తు ఇడిసిపోతాది. కుకీ అంటారు దాన్ని. మీ మగ్గం మీద పాత పడుగు కొసలు ఇడిసిపెట్టి కొత్త పడుగు దానికే అతుకుతారు సూడు, అట్లా. మళ్లా తెరిస్తే పాత మనిషే వచ్చినాడనుకుంటాది. అడిగినప్పుడు వద్దని నొక్కల్ల, లేకుంటే పోయేటప్పుడు తుడిసెయ్యల్ల. మీరేమో అన్నిటికీ సరే అని నొక్కి లేసిపోతారు."

నేతగాళ్ల ఇంటి పిల్లకు ఆ పోలిక చాలు. నిన్న శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి వీణ ఇదే కుర్చీలో కూర్చుంది. పది గంటలకు కరెంటు తీసేశారు. ఇక తుడిచేదెక్కడ?

ఆదోనిలో ఒక పత్తి మిల్లు ఆఫీసులో కంప్యూటర్ పని. ఉన్నది ఒక్కటే ఖాళీ. ఒకే కాలేజీలో చదివి ఒకే ఆటోలో తిరిగిన ఇద్దరూ దానికే పెట్టుకున్నారు. అంజలి ఫోన్లో కెమెరా పాడైతే ఆమె సర్టిఫికెట్లన్నిటికీ వీణే ఫోటోలు తీసి పంపింది. నాయన నేత కార్డుకు కూడా తీయించుకుంది అంజలి. వాళ్లింట్లో ఏ ఆఫీసుకు ఏ కాగితం పెట్టాలన్నా ముందు ఆ కార్డు పెట్టడం అలవాటు.

ఒకరిది చూడకూడదని తెలుసు. కళ్లు ఆగలేదు. డిగ్రీ పత్రం ఉండాల్సిన చోట వీణ ఇంటర్ మెమో పెట్టేసింది. పత్రం తప్పయితే దరఖాస్తు చెల్లదని, సవరణకు శనివారం సాయంత్రం ఐదింటి వరకే గడువని కింద ఎర్ర అక్షరాల్లో ఉంది. ఇప్పుడు మూడు.

ఒక్క ఫోన్ చేస్తే చాలు. వీణ తండ్రి యేసురత్నం ఆలూరు వైపు పత్తి చేలకు కూలికి పోతాడు. ఆ ఇంటికి ఈ ఉద్యోగం ఎంత అవసరమో అంజలికి తెలియనిది కాదు. కానీ తన నాయన మగ్గం ఆగి ఆరు నెలలైంది. ఫోన్ చేతిలోకి తీసుకుంది. కాసేపు చూసి మళ్లీ సంచిలో పెట్టేసింది.

"తుడిసెయ్యన్నా" అంది.

ఈరేష్ వచ్చి కుకీలన్నీ తుడిచి వెళ్లాడు. అంజలి తన పేజీ తెరిచి చూసుకుంది. ఎక్కడా వంక లేదు. చివరి మార్పు శుక్రవారం అని చూపించింది. తాను ఇదే కంప్యూటర్ నుంచి పంపింది గురువారం సాయంత్రం. ఈ సైట్ల తేదీలు ఎప్పుడు సరిగ్గా ఏడ్చాయి కనక అనుకుని లేచింది.

మూడు వారాలకు ఉద్యోగం అంజలికి వచ్చింది. వీణ దరఖాస్తు చెల్లలేదు.

అప్పటి నుంచి అంజలి ఎవరు వీణ పేరెత్తినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది. తాను చేసింది ద్రోహమే. తెలిసి చేసింది. చివరికి ఆదివారం మిఠాయి పొట్లం పట్టుకుని, ఉన్నదంతా చెప్పేద్దామని వీణ ఇంటికి వెళ్లింది. గడప ముందు వేరుశనక్కాయలు ఒలుస్తున్న వీణ ఆమెను చూడగానే పక్కన చోటిచ్చింది.

"వీణా, నీకొక మాట చెప్పల్ల."

"నేను ముందు చెప్తా. ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకోని తిరుగుతాండా. నీకు తెలిస్తే ఏమనుకుంటావో అని."

అంజలి మిఠాయి పొట్లం కింద పెట్టింది. ఆ శనివారం సంగతి వీణకు తెలిసిపోయిందా?

"శుక్రవారం పదింటికి కరెంటు పోతాదని తెలుసు" అంది వీణ, "తొందరలో ఇంటర్ మెమో పెట్టేసినా."

"తొమ్మిదింటికే పోయింటివి గదా?"

"పోయినా." వీణ తల ఎత్తలేదు. "తెరవంగానే నీ పేజీ వచ్చింది. నిన్ను అడక్కుండా చూసినా, తప్పే. డిగ్రీ కాడ మీ నాయన నేత కార్డు పెట్టింటివి. నీ డిగ్రీ ఫోటో నా ఫోన్లోనే ఉండె. సైటేమో నత్త నడక."

వీణ తప్పు చేసిన దానిలా నెమ్మదిగా చెప్పింది.

"నీది సరిచేసినంకనే నాది మొదలుపెట్టినా."