అన్న పేరుతో నా తల

పంతొమ్మిది వందల నలభై తొమ్మిది వానకాలంలో బొంబాయి మిల్లులో మా అన్న కురుమయ్య మగ్గం దగ్గరే కూలిపడ్డాడు. మిల్లువాళ్లు మూర్ఛ రోగమన్నారు. కాదని దవాఖాన చీటీ తెస్తేనే పని. లేకపోతే అన్న కూలి మీదే బతికే ఇద్దరం గద్వాల రైలెక్కి, మళ్లీ దొర దగ్గర వెట్టి చెయ్యాలి.

అన్న బదులు నేను పోతానన్నాను.

“పరీక్షకు నేనే పోత తమ్మీ. నువ్వు మాత్రం పోకు,” అన్నాడు అన్న.

నేను పట్టుబడతానని భయపడుతున్నాడనుకున్నాను. అన్న పోతే రోగం బయటపడుతుందని, చెప్పకుండా నేనే పోయి అన్న పేరు రాయించాను. కూలోడి మొహం చూసే తీరిక అక్కడ ఎవడికుంది?

నా తలకు తీగలు అంటించారు. కదిలే కాగితం మీద కలాలు అలలు గీశాయి. డాక్టరు ఆ కాగితాన్నే చూశాడు.

“అలలు ఒక తీరుగా సాగాలి. నీకు మధ్యమధ్య ముళ్లలా లేచాయి. మూర్ఛే. నిద్రలో వస్తుంది, నీకు తెలియదు.”

మిల్లుకు ఒక నకలు పంపి, ఒకటి నా చేతిలో పెట్టారు. గదికొచ్చి అన్న ముందు పడేశాను.

“దొంగ మిషను. నాకు మూర్ఛంట.”

అన్న దాన్ని ముట్టలేదు. “పుస్తకాలు సదివి తెలివి మీరినవ్. పోవద్దంటి గదరా. ఏడాది సంది నీకొస్తుంది. నాలుక కొరుక్కోకుండ రాత్రంత పట్టుకొని కూసుంటున్న.”

“మరి నీకు?”

“నాకేం రోగం లేదు. ఆనాడు నిలవడ్డకాడనే నిద్రవట్టింది.”

మిల్లుకు పోయిన నకలు మీద అన్న పేరే ఉంది.