గోడ పక్కన గుంత

ఆ పొద్దున ఆకాశం బూడిద చల్లినట్టు ఉంది. మబ్బు ఉంది గాని, కురిసే మబ్బు కాదు.

మన్సూరాబాద్‌లో కొత్తగా కొన్న ఇంటి బాల్కనీలో నిలబడి ఇంద్రాణి కిందికి చూసింది.

ఎవరో ఆడమనిషి గేటు పక్కన, ప్రహరీ మొదట్లో ఉన్న చిన్న బండ మీద బిందెడు నీళ్ళు పోస్తోంది. నుదుట బొట్టు లేదు. నేల తాగిందాకా చూసి, బిందె చంకన పెట్టుకొని వెళ్ళిపోయింది.

మర్నాడూ అంతే.

ఆ తర్వాతి పొద్దున ఇంద్రాణి గేటు తీసుకొని బయటికి వచ్చింది.

“ఎవరమ్మా నువ్వు? మా గోడకి నీళ్ళెందుకు పోస్తున్నావు?”

“గోడకు కాదు. గీ గుంతకు. ఇది కరెంటు గుంత, ఎండిపోవద్దు.”

“కరెంటుకి నీళ్ళు పోస్తారా ఎక్కడైనా?”

“పోస్తరు,” అంటూ ఆమె మిగిలిన నీళ్ళు కూడా వంచేసింది.

ఎదురింటి కుసుమకుమారికి ఈ సంగతి చెబితే ఆవిడ ముందు నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. కొత్త ఇల్లు, తెల్లారీ తెల్లారకముందే బొట్టు లేని మనిషి. ఆ బండ కింద ఏముందో ఒకసారి చూసుకోమంది.

బండ ఎత్తించారు.

కింద బొగ్గు. బొగ్గులో కలిసిన ఉప్పు. నిలువునా పాతిన ఇనుప పైపు, దానికి చుట్టిన పచ్చ తీగ.

“తీగ చుట్టి మరీ పాతారు. ఇంటికి చేతబడి చేశారు, ఇంద్రాణీ,” అంది కుసుమకుమారి.

ఇంద్రాణి భర్త త్రినాథరావు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపుకు మేనేజరు. గుంటూరు వైపు నుంచి వచ్చాక కిరాయి ఇళ్ళలోనే జుట్టు నెరిసింది. ఇన్నాళ్ళకు అమిరిన ఇంటి మీద ఎవరి నీడా పడకూడదని అతని పంతం. ఇటువంటివి నమ్మనంటూనే కూలీని పిలిచి పైపుతో సహా అంతా పీకించాడు. గుంత పూడ్పించి, పైన సిమెంటు పూయించాడు.

మర్నాడు ఆ నీళ్ళు పోసే మనిషి వచ్చి సిమెంటు చూసింది. నిండు బిందె కింద పెట్టింది.

“ఎవరు తవ్వమన్నరు?”

“మా ఇల్లు, మా ఇష్టం. ఇంకోసారి ఇటు వచ్చావంటే పోలీసులకి చెప్తా,” అన్నాడు త్రినాథరావు.

“చెప్పు. వాళ్ళొచ్చినా గిదే చెప్త. గుంత మళ్ళ కట్టించు. కట్టించిందాక నేను ఈడికెల్లి కదల.”

గేటు ముందే కూర్చుంది. అతని స్కూటరుకు మాత్రం దారి ఇచ్చింది.

అతను వెళ్ళాక ఇంద్రాణి బాల్కనీ నుంచి నోటికి వచ్చినంతా తిట్టింది.

“తిట్టు బిడ్డా, తిట్టు. గొంతెండితే నా బిందెల నీళ్ళున్నయ్.”

ఎండ ముదిరింది. ఆమె కొంగు నెత్తిన వేసుకొని అట్లాగే కూర్చుంది.

మధ్యాహ్నం పైన ట్యాంకుకు నీళ్ళు ఎక్కలేదు. ఇంద్రాణి ఇంటి వెనక సంపు దగ్గరికి పోయి, తిరుగుతున్న మోటారు మీద తడి చెయ్యి వేసింది.

కేక సగంలో ఆగిపోయింది.

గేటు దగ్గరి మనిషి లోపలికి పరిగెత్తలేదు. గోడకున్న మీటరు డబ్బా మూత లాగి, మెయిన్ స్విచ్చి కిందికి కొట్టింది.

ఇంద్రాణి నేల మీద పడింది. ఊపిరి ఉంది.

కబురు అందుకొని త్రినాథరావు వచ్చేసరికి ఇంద్రాణి మొద్దుబారిన చెయ్యి ఒళ్ళో పెట్టుకొని వరండాలో కూర్చుని ఉంది. గేటు దగ్గరి మనిషి మీటరు డబ్బాకు అడ్డంగా నిలబడి ఉంది.

“జరుగు. ఇల్లంతా ఉడికిపోతోంది.”

“ఉడకనీ. గుంత కట్టందే ఎయ్యనియ్య. కావాల్నంటే నా చెయ్యి ఇరగ్గొట్టి ఏసుకో.”

అతని చెయ్యి లేచింది.

“ఆగండి,” అంది ఇంద్రాణి. “ఆవిడ చెప్పినట్టు చెయ్యండి.”

కాలనీ ఎలక్ట్రీషియన్ మధు వచ్చాడు. సిమెంటు చూసి, ఎర్తింగ్ ఎవరు పీకమన్నారని అడిగాడు. లీకైన కరెంటు ఆ పైపు గుండా భూమిలోకి దిగిపోవాలి. ఆ దారి లేక అమ్మ చేతిని పట్టుకుంది. ఎండాకాలం గుంత ఎండకుండా నీళ్ళు పోస్తూ ఉండాలన్నాడు.

త్రినాథరావు ఎదురింటి వైపు చూడలేదు.

మధు ఆమెను అప్పుడే గమనించాడు. “సుమిత్రక్కా, నువ్వింకా ఈడికి...” అనబోయాడు. ఆమె కళ్ళతోనే ఆపింది.

మోటారు తీగ ఊడదీశారు. పొద్దు వాలేసరికి గుంత మళ్ళీ తయారైంది. పైపు, బొగ్గు, ఉప్పు. సుమిత్రమ్మ తన బిందె వంచి, అడుగున కాసిని నీళ్ళు ఉంచుకొని పక్కకు జరిగింది.

“ఇగ ఏసుకోండి.”

ఇంద్రాణి ఆమెను అన్నానికి రమ్మంది. వెనక నల్లా దగ్గర చేతులు కడుక్కోమంది. సుమిత్రమ్మ అటు పోలేదు. గేటు దగ్గరే బిందెలో మిగిలిన నీళ్ళతో కడుక్కుంది.

“ఇంతకీ ఎవరమ్మా నువ్వు? ఈ ఇంటితో నీకేంటి?”

“కొత్తింట్లకు వచ్చినోళ్ళకు చెప్పే ముచ్చట కాదు. అన్నం పెట్టు.”

మధును సాగనంపడానికి గేటు దాకా వెళ్ళిన త్రినాథరావు చాలాసేపటికి గాని తిరిగి రాలేదు. వచ్చి, సుమిత్రమ్మకు ఎదురుగా కింద కూర్చున్నాడు. పప్పు, ఆవకాయ, మజ్జిగ. పైన ఫ్యాను తిరుగుతోంది.

గేటు దగ్గర విన్నది అతను ఇంద్రాణికి చెప్పలేదు. సుమిత్రమ్మ కంచంలో ఇంకాస్త పప్పు వేసి, తల వంచుకొని తిన్నాడు.

ఈ ఇల్లు కట్టేటప్పుడు ఆ వెనకే మోటారు ముట్టుకొని షాక్ కొట్టి చనిపోయిన వాచ్‌మన్ సైదులు ఆమె పెనిమిటి; ఆనాడూ ఆమె ఇదే గేటు ముందు కూర్చుని, బిల్డరు ఆ గుంత తవ్వించిందాకా లేవలేదు.