నీడపట్టున వేలాడిన ముక్క

"మళ్లీ వచ్చాడు మేడమ్, ఆ రబ్బరాయన," అన్నాడు వాచ్‌మన్.

పరీక్షల గది ఇంజనీరమ్మ నిట్టూర్చింది. పది రోజుల్లో ఇది మూడోసారి.

అసలే ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చి ఉంది. ఆ అణు విద్యుత్ కేంద్రంలో ఇంధనపు గదికి ఒక ఇనుప తలుపుంది. దాని చుట్టూ ఉన్న రబ్బరు సీలే లోపలి విషపు గాలిని బయటికి రానివ్వదు. సోమవారం నుంచి ఎనిమిది మంది ఆ తలుపు పక్కనే నిలబడి మరమ్మతు చెయ్యాలి. సీలు బాగుందని ఈవిడ సంతకం పెట్టాలి.

రేడియేషన్ తగిలి తగిలి రబ్బరు గట్టిపడుతుంది, పగులుతుంది. అందుకే అదే రబ్బరు ముక్కలు కొన్ని ఆ గదిలోనే ఒక కొక్కేనికి తగిలించి, ఏటా ఒకటి తీసి పరీక్షిస్తారు. ముక్క ఎలా ఉంటే సీలూ అలాగే ఉన్నట్టు లెక్క.

ఈ ఏటి ముక్క నిక్షేపంలా ఉంది.

ముసలాయన ఆయాసపడుతూ వచ్చి, బల్ల మీద రెండు రబ్బరు వాషర్లు పెట్టాడు.

"ఈ రెండూ ఒకే రోజు కొన్నానమ్మా, పదేళ్ల కిందట. ఒకటి డాబా మీద కొళాయికి బిగించాను, ఎండంతా దాని మీదే. రెండోది పెట్టెలో ఉండిపోయింది. చూడు..."

"పెద్దాయనా, మేం బజారు సరుకు కొనం. ఎన్నిసార్లు చెప్పాలండీ?"

"అమ్మడానికి రాలేదు తల్లీ. మీరు పరీక్ష చేసే ముక్క ఎన్నేళ్లుగా బాగుంటోంది?"

"పన్నెండేళ్లుగా!" అంది గర్వంగా.

"అన్నేళ్లు ఆ సెగలో ఉండి ముసలిది కాలేదంటే, అనుమానం రాలేదామ్మా? ఒక్క మాట చెప్పుకోవాలి, నేను..."

"చాలు. నా పని నాకు నేర్పకండి. వాచ్‌మన్, ఈయన్ని ఇంక రానివ్వకు."

ఆయన వాషర్లు అక్కడే వదిలేసి, గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగాడు.

మధ్యాహ్నం సంతకం పెట్టబోతూ ఆవిడ ఊరికే ఆ వాషర్లను వంచి చూసింది. పెట్టెలోది వంగింది. ఎండలోది పుటుక్కున విరిగింది.

ఎండకే ఇలా అయితే, ఆ సెగలో ఇన్నేళ్లున్న ముక్క నిక్షేపంలా ఎలా ఉంది? సోమవారం వెళ్లే ఎనిమిది మందిలో ఆవిడ సొంత మరిది ఉన్నాడు. ఫిట్టరు. వెంటనే ఫోన్ చేసింది.

"ఆ తలుపు సీలు ఒకసారి నొక్కి చూడు."

"ముక్క బ్రహ్మాండంగా ఉందన్నావుగా వదినా?"

"ముక్క సంగతి తర్వాత. కొక్కెం ఎక్కడుందో కూడా గాజు కిటికీలోంచి చూసి రా."

గంటకి వచ్చాడు.

"సీలు చెక్కలా బిగుసుకుపోయింది వదినా. కింది అంచున జానెడు పగులు. కొక్కెమేమో అడ్డుగోడ వెనకుంది. ఇంధనం, తలుపు గోడకి అటు, నీ ముక్క ఇటు. నీడపట్టున మహారాణిలా వేలాడుతోంది."

ఏటా పొడుగు పట్టకారుతో తీసేవాళ్లు తీస్తూనే ఉన్నారు. అది అక్కడెందుకుందని ఒక్కరూ అడగలేదు. ఆవిడా అడగలేదు.

పని ఆపేశారు. కొత్త సీలు బిగించేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ముసలాయన ముఖమే కళ్లలో మెదిలి ఆవిడకి సిగ్గేసింది. తనకంటే రబ్బరు బాగా తెలిసిన పెద్దమనిషిని గెంటేసింది మరి.

పదో రోజు గేటు పుస్తకంలో నంబరు వెతికి ఫోన్ చేసింది. ఆయన కూతురు ఎత్తింది.

"నాన్న పోయి వారమైందండీ."

ఆవిడ బల్ల మీది విరిగిన వాషరుని దగ్గరికి లాక్కుంది.

"రబ్బరు గురించి అంత... ఆయన ఎక్కడ చదివారమ్మా?"

"చదువా? సంతకం తప్ప ఏం రాదండీ. ఆస్పత్రిలో పక్క మంచం ఆయన మీ కేంద్రంలో పని చేసేవారట. ఆ ముక్కలు దేనికో ఆయన చెప్పిన రోజు నుంచి నాన్నకి కంటి మీద కునుకు లేదు. డాక్టరు కదలొద్దన్నా వినకుండా మీ దగ్గరికి బయల్దేరారు."

"ఎందుకమ్మా?"

"పన్నెండేళ్ల కిందట గది ఖాళీ చేయించి కట్టించారే, ఆ అడ్డుగోడ కట్టిన మేస్త్రీ ఆయనేనండీ, ఇటుకలకి అడ్డొస్తోందని కొక్కేన్ని గోడ వెనక్కి మార్చిందీ ఆయనే."