నల్లకారం

మేడ మీదికి పంపిన గోంగూర పచ్చడి గిన్నె మర్నాడు పొద్దున్నే మూత తీయకుండా తిరిగొచ్చింది.

"ఏమనుకోకండమ్మా. పులుపు, కారం నాకు పడవు," అంది భూలక్ష్మి.

ఫిల్మ్‌నగర్‌లో రమామణి ఇంటి మేడ మీది ఒంటిగదిలో ఆమె అద్దెకు దిగి రెండు నెలలైంది. నల్గొండ దగ్గరి పల్లె. ముప్ఫై దాటి ఉంటుంది. ఎక్కడ పని అని అడిగితే "స్టూడియోలో" అంది. ఆ పేటలో సగం మందిది అదే జవాబు. రమామణి ఇంకేం అడగలేదు.

"మరేం తింటావమ్మా?"

"మెత్తగ అన్నం, పెసరపప్పు. గంతే."

"గోంగూర వద్దన్న మనిషిని ఇప్పుడే చూస్తున్నాను," అంది రమామణి భర్తతో.

"మనకే మిగిలిందిగా," అన్నాడు గోపాలకృష్ణ పేపర్లోంచి తలెత్తకుండా.

వారం తిరక్కుండా భూలక్ష్మి మళ్ళీ దిగొచ్చింది.

"అమ్మా, మెట్ల కింద ఏందో వాసనొస్తంది."

రమామణి రోజుకు రెండుసార్లు ఇల్లు తుడిపించే మనిషి.

"మా ఇంట్లోనా?"

"కొద్దిగనే. జర చూడండి."

రమామణి చూడలేదు. మూడోరోజు పనిమనిషి నీలమ్మ మెట్ల కింది అరలోంచి పాత నూనె డబ్బా బయటికి లాగింది. అందులో ఎలుక చచ్చి ఉంది.

"మేడ మీదామె చెప్పింది నిజమేనమ్మా," అంది నీలమ్మ.

ఎలుక కంటే ఆ మాటే రమామణికి ఎక్కువ కంపు కొట్టింది.

తర్వాత అగరొత్తుల పొగ పడదంది. దోమల చక్రం పడదంది. ఏదైనా మెల్లగానే అనేది. దగ్గరికి వెళ్తే తప్ప వినపడేది కాదు. ఆ మెల్లదనం కూడా రమామణికి టెక్కులాగే తోచింది.

ఒకసారి సరిగ్గా సీరియల్ వేళకు వచ్చింది. టీవీలో కోడలు కౌముది అత్తింటివాళ్ళను నిలదీస్తోంది. రమామణి చెయ్యెత్తి ఆగమంది. ప్రకటనలు మొదలయ్యాక అప్పుడు తిరిగి చూసింది.

"విన్నావా? తెలుగంటే అదీ. ఒక్క అక్షరం జారదు. రోజూ వింటే నీ ఏందులూ గంతేలూ కాస్త తగ్గుతాయి."

"మంచిగ మాట్లాడ్తదమ్మా," అంది భూలక్ష్మి తల వంచుకుని. వచ్చిన పనేమిటో చెప్పకుండానే వెళ్ళిపోయింది.

ఒక మంగళవారం మధ్యాహ్నం రమామణి వసారాలో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. భూలక్ష్మి మెట్ల మీదే ఆగిపోయింది.

"ఇవి ఎప్పుడు వేయిస్తరమ్మా?"

నల్లకారం గురువారం చేద్దామనుకుంది రమామణి. అడిగింది కాబట్టి, "ఇవాళే," అంది.

"ఎల్లుండి చేసుకోండమ్మా. రేపు నాకు పెద్ద పనుంది. ఇయ్యాల ఘాటు తగిలిందంటే ఆ పని పోతది. మీకు దండం పెడ్త."

"మేం మిరపకాయలు వేయించుకుంటే నీ పనెలా పోతుందమ్మా? అద్దెకున్నవాళ్ళ ముక్కుని అడిగి పొయ్యి వెలిగించుకోవాలా?"

కౌముది అన్నంత తీరుగా అన్నానని ఆమెకే అనిపించింది.

భూలక్ష్మి వచ్చిన మెట్లే ఎక్కి పైకి వెళ్ళింది.

సాయంత్రం రమామణి మూకుడు పెట్టింది. పొగ లాగే ఫ్యాను వేయలేదు. మెట్లవైపు తలుపు బార్లా తెరిచింది. పైన కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్న చప్పుడయింది. కాసేపటికి దగ్గు మొదలైంది. ఎంతకీ ఆగలేదు.

రమామణికీ తుమ్ములొచ్చాయి. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఇంకో గుప్పెడు మిరపకాయలు వేసింది.

బుధవారం భూలక్ష్మి మధ్యాహ్నానికే తిరిగొచ్చి తలుపేసుకుంది. శనివారం ఆటోలో రెండు సంచులు పెట్టుకుంది. తాళంచెవి రమామణి చేతిలో పెట్టి దండం పెట్టింది. నోరు మాత్రం విప్పలేదు.

"పొగరు చూశారా? వెళ్తున్నానని ఒక్క మాట లేదు," అంది రమామణి భర్తతో.

సోమవారం సీరియల్లో కౌముది నోరు తెరిచింది. రమామణి సౌండు పెంచింది. కాసేపు విని తగ్గించేసింది. మొహం అదే, చీర కూడా పాతదే. మాట మాత్రం ఎవరిదో.

నాలుగురోజులు ఓపిక పట్టింది. అయిదోరోజు గేటు దగ్గర ఎదురింటి మల్లికార్జున్ కనిపించాడు. ఆ సీరియల్‌కు మాటలు రికార్డు చేసే స్టూడియోలోనే అతను సౌండ్ ఇంజినీరు.

"కౌముది గొంతు అలా మార్చేశారేంటయ్యా? వినబుద్ధి కావడం లేదు."

"మేం మార్చలేదు ఆంటీ. ఆ నటికి తెలుగు రాదు కదా. నాలుగేళ్ళుగా గొంతు ఇస్తున్నది వేరే ఆవిడ. పోయిన వారం బుధవారం కోర్టు సీను ఉంది. మైకు ముందు నిలబడితే మాట పెగల్లేదు. రోజూ వచ్చే సీరియల్ ఆపలేరుగా, సాయంత్రానికి ఇంకొకర్ని పెట్టేశారు."

"బాగయ్యాక మళ్ళీ పిలవచ్చుగా?"

"జనానికి కొత్త గొంతు అలవాటైతే ఇంక పిలవరండీ. అయినా డాక్టరు ఆర్నెల్లు మాట్లాడొద్దన్నారట."

రమామణి గేటు దాటి అతని దగ్గరికొచ్చింది.

"పాపం. ఎవరయ్యా ఆవిడ? ఎక్కడుంటుంది? ఒకసారి వెళ్ళి చూసొస్తాను."

మల్లికార్జున్ ఆమెను వింతగా చూశాడు.

"మొన్న శనివారం దాకా మీ మేడ మీదే కదండీ ఉంది."